పడమటి గోలుకి కట్టిన వల

మా ఊరి స్టేడియం గురించి నేను ఇన్నాళ్ళూ చెప్పిన అబద్ధాలన్నీ ఓ మధ్యాహ్నం తిరిగి నా కొట్టుకే వచ్చాయి. వాటిని మోసుకొచ్చింది ఒక ఇంజనీరు పిల్ల. నెత్తిన పసుపు రంగు టోపీ, చేతిలో సెల్లు, చెప్పుల నిండా ఎర్ర బుగ్గి.

"ఆంటీ, గ్రౌండు చరిత్ర మీకే తెలుసంట కదా. గేటు దగ్గర బోర్డు పెడుతున్నాం. రెండు పేరాలు చెబితే చాలు" అంది.

పాత గోడ పడగొట్టి, మెట్లు తవ్విపారేసి, కొత్త స్టేడియం కడుతున్నారని నాకు తెలుసు. పడగొట్టిన బుగ్గంతా నెలల తరబడి నా కొట్లో నైలాను తాళ్ళ మీదే పడుతోంది. మూడు వైపులా గ్యాలరీలట, రాత్రిని పగలు చేసే దీపాలట, నీళ్ళు పొయ్యక్కర్లేని గడ్డట. మా నాన్న పెట్టిన తాళ్ళ కొట్టుకీ ఆ మైదానానికీ మధ్య ఒక్క రోడ్డే అడ్డం. నన్ను అడక్క ఎవరినడుగుతారు?

"రాసుకో" అన్నాను. "మైదానం పడమటికి వాలి ఉంటుంది చూశావా? జమీందారు గారి ఏనుగు రోజూ అటు పక్కకే తిరిగి పడుకునేది. అలా నొక్కుకుపోయింది. గ్యాలరీ రాళ్ళంటావా, రామతీర్థం కొండ మీంచి దొర్లించి వదిలేశారు, వాటంతటవే ఇక్కడికొచ్చి ఆగాయి. ఈశాన్యం మూల నుయ్యి ఉండేది. అందులో పడ్డ బంతి మూడో రోజున శ్రీకూర్మంలో తేలింది."

పిల్ల రాసుకోలేదు. నవ్వింది. "ఇవన్నీ విన్నాను ఆంటీ. ఊళ్ళో ఎవర్నడిగినా ఇవే. మాకు గాలి గోలు గురించి కావాలి" అని సెల్లు నా ముందు పెట్టింది. అందులో అప్పటికే టైపు చేసి ఉంది. ఒకప్పటి ఫైనలు పోటీలో పేట జట్టు ఆటగాడు కొట్టిన బంతి గోలులోకి వెళ్ళిపోతూ ఉండగా, సముద్రం మీంచి ఒక్కసారిగా గాలి వీచి దాన్ని పక్కకు తీసుకుపోయిందనీ, ఈ ఊరు ఆ గోలును నేటికీ మరిచిపోలేదనీ.

"ఆయన ఇంకా ఉన్నారు కదా. ప్రారంభోత్సవానికి తొలి బంతి ఆయన చేతే తన్నిస్తాం. శుక్రవారం బోర్డు రాయించేస్తాం. తప్పులుంటే చెప్పండి" అంది.

తప్పులా! ఆ గాలిని పుట్టించిందే నేను.

పిల్ల వెళ్ళిపోయాక తాడు కొలవబోతే బార ఎక్కడ మొదలెట్టానో మర్చిపోయాను. అసలు ఆ రోజు ఏం జరిగిందో నాకు నేనే చెప్పుకుందామని కూర్చున్నాను. చెప్పుకోబోతే, ఒక్కో జ్ఞాపకం పక్కనా నేను చెప్పిన కథ ఒకటి నిలబడి ఉంది. ఏది ఏదో తెలియడం లేదు. నా జ్ఞాపకంలో ఆ సాయంత్రం బుగ్గి రేగుతోంది, వానా పడుతోంది. మా నాన్న నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన కొట్టు వదిలి మైదానంలోకి వచ్చిన రోజు ఒక్కటి కూడా లేదు.

అందుకని, కచ్చితంగా తెలిసిన వాటితో మొదలుపెడతాను.

అప్పట్లో దాన్ని స్టేడియం అని గేటు మీద అక్షరాలు మాత్రమే అనేవి. మేమంతా బంతి మైదానం అనేవాళ్ళం. దక్షిణం వైపు ఏడు మెట్ల గ్యాలరీ. పై రెండు మెట్లు ఆఫీసర్లకి, కింద రెండు మెట్లు మేకలకి, మధ్యవి జనానికి. గోలు స్తంభాలు సరుగుడు కర్రలు. పైన అడ్డంగా కట్టిన వాసం మధ్యలో కాస్త కిందికి వంగి ఉండేది. పొడుగ్గా ఉన్న గోలీ ఎగిరితే తలకి తగిలేది. గడ్డి ఉండేది, కాని పోటీలు మొదలైన రెండో రోజుకే మేకలూ ఆటగాళ్ళూ కలిసి దాన్ని పూర్తిచేసేవాళ్ళు.

మా పిల్లల చోటు పడమటి గోలు వెనక. డబ్బాలో మురీలనే మరమరాలు, ఉల్లిపాయ ముక్కలు, జీడిపప్పు నూక కలిపి అమ్మే ముసలాయన అక్కడే కూర్చునేవాడు. పొట్లం విప్పితే వచ్చే ఆవనూనె ఘాటు ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తాటి ముంజల రోజులు కావడంతో వేళ్ళన్నీ జిగట. ఆ జిగట వేళ్ళతో మేం ఎదురుచూసేది ఒక్కదాని కోసమే, బంతి. గోలు వెనక వల లేదు గనక, గోలైనా పక్క నుంచి పోయినా బంతి మా మధ్యకే వచ్చి పడేది. ఎవరికి దొరికితే వాళ్ళు దాన్ని రెండు చేతులతో ఎత్తి లోపలికి విసరాలి. ఆ తోలు వెచ్చగా ఉండేది. అంత బరువైన, అంత ముఖ్యమైన వస్తువు నా చేతికి మళ్ళీ రాలేదు. వారానికి ఎన్నిసార్లు బంతి పట్టావన్నదే మాలో మాకు పెద్దరికం. ఆడపిల్లల్లో నేనే మొదటిదాన్ని. ఇది అబద్ధం కాదు.

ఆ ఫైనలుకి ముందటేడు పెద్ద గొడవైంది. బంతి స్తంభానికి లోపల నుంచి వెళ్ళిందని ఒకరు, బయట నుంచి వెళ్ళిందని ఒకరు. మాటలు పెరిగి గొడుగులు విరిగాయి. దాంతో పెద్దలు కూర్చుని ఈసారి రెండు గోలులకీ వలలు కట్టాల్సిందే అని తీర్మానించారు. పట్నం నుంచి తెప్పించే ఓపిక ఎవరికీ లేదు. జూటుమిల్లు జట్టు వాళ్ళు తూర్పు గోలుకి గోనెపట్టాలు కుట్టి తెర కట్టారు. పడమటి గోలుకి మేం కడతామని సముద్రపు ఒడ్డు పేట వాళ్ళు ముందుకొచ్చారు.

వాళ్ళు తెచ్చింది పెదవల సంచి. ఒడ్డు మీద నిలబడి ఊరంతా రెండు తాళ్ళు పట్టి లాగుతారే, ఆ వల చివర చేపంతా చేరే భాగం. వాడి వాడి పాతదైంది. నూలుతో అల్లిన వల గనక కుళ్ళిపోకుండా తుమ్మ బెరడు ఉడికించిన నీళ్ళలో ముంచేవాళ్ళు, అందుకని చిక్కటి ఎరుపు. ఆ బెరడూ, ఆ నూలూ మా కొట్లోవే. గోలు స్తంభాలకి మూతి సరిగ్గా సరిపోయింది. వెనక తోకలా ఉండే కొసని కూడదీసి ముడి వేశారు. అక్కడే కిటుకు. చేపతో నిండిన సంచిని ఒడ్డుకి లాగాక చేతులు తడిగా, చలికి కొంకర్లు పోయి ఉంటాయి. అప్పుడు కూడా ఒక్క లాగుకి ఊడాలి. అందుకని ఆ కొసకి జారుముడే వేస్తారు. గోలుకి కడుతున్నప్పుడు కూడా చేతులు అలవాటు కొద్దీ అదే ముడి వేశాయి. బంతి చేప కాదని, దాన్ని కుమ్మరించక్కర్లేదని ఎవరికీ తోచలేదు.

ఊరంతా వల చూసి మురిసిపోయింది. పిల్లలం మాత్రం ఏడ్చినంత పని చేశాం. బంతి ఇక మాకు రాదు. అందులోనే పడి ఆగిపోతుంది. గోలీ వంగి తీసుకుంటాడు. గోనెపట్టాకి తగిలితే దబ్‌మని చప్పుడు, వలకి తగిలితే సుయ్‌మని ఒక్క ఊపిరి. వారం రోజులు ఆ చప్పుళ్ళే విన్నాం. ఒక్కసారి కూడా బంతి పట్టలేదు.

ఇప్పుడు ఎడంకాలు మావ గురించి. పేట జట్టులో ముందు ఆడేవాడు. కుడికాలు నిలబడ్డానికే, ఎడంకాలు మాత్రం ఎక్కడ చూపిస్తే అక్కడికి బంతిని పంపేది. వాళ్ళ అయ్యతో కలిసి నూలు కొనడానికి మా కొట్టుకి వచ్చేవాడు. నాన్న నూలు తూస్తుంటే గుమ్మంలో ఉండ చుట్టిన తాడుని ఎడంకాలి మీద ఎగరేస్తూ నాకు లెక్కపెట్టమనేవాడు. వరసేమీ లేకపోయినా నేను మావా అనేదాన్ని. "ఓలి సావుకారి అమ్మీ, పెద్దయ్యేక నాను రైలెక్కి పట్నం ఎల్లిపోతాను, నువ్వు తాడు అమ్ముకో" అని వెక్కిరించేవాడు.

ఆ వెక్కిరింతలో నిజముంది. పట్నంలో ఓ కంపెనీ జట్టుకి ఒక మనిషి కావాలని, ఫైనలు చూడ్డానికి తెల్ల ప్యాంటు పెద్దమనిషి ఒకాయన వస్తున్నాడని అందరికీ తెలుసు. తీసుకుంటే నెల జీతం. తుఫాను వచ్చినా, వేట లేకపోయినా ఆగని జీతం. మావ వాళ్ళ అమ్మ ఆ వారమంతా చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధికీ చెప్పింది. "మా గుంటడు ఇంక సముద్రం మీదకి ఎల్లడమ్మా. నాకింక గాలొస్తే భయం నేదు."

ఫైనలు పేటకీ మిల్లుకీ. తెల్ల ప్యాంటాయన నాలుగో మెట్టు మీద కూర్చుని జీడిపప్పు తింటున్నాడు. రెండో సగంలో పేట జట్టు పడమటి గోలు వైపు కొడుతోంది. ఎవరూ గోలు చెయ్యలేదు. పొద్దు వాలింది. మా ఎదురుగా వల వేలాడుతోంది, దాని తోక నా మోకాలికి జానెడు దూరంలో.

ఇక్కడి నుంచి నేను జాగ్రత్తగా రాయాలి.

నేను లాగాను. లాగానని అనుకుంటున్నాను. వారం రోజుల కసి. ముడి ఊడితే బంతి లోపలికి వచ్చి, కొస నుంచి జారి నా ఒళ్ళో పడుతుందన్నదే నా లెక్క. ఊడింది. సరిగ్గా అప్పుడే మావ ఎవరినో తప్పించుకుని, తూలి పడిపోతూ, బోర్లా పడే లోపల ఎడంకాలితో తన్నాడు. గోలీ అటు దూకాడు, బంతి ఇటు వచ్చింది. సుయ్‌మనలేదు. తోకలోంచి నేరుగా నా ఒళ్ళోకి వచ్చింది. వెచ్చగా ఉంది.

పేట వాళ్ళు అరిచారు. మిల్లు వాళ్ళు కాదన్నారు. మావ బుగ్గిలో మొహం పెట్టి పడున్నాడు, ఏమీ చూడలేదు. రిఫరీగా ఉన్న డ్రిల్లు మాష్టారు సగం మైదానం నుంచి ఈల నోట్లోనే పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వల కదల్లేదు, బంతి వల బయట ఉంది. ఆయన గోలు వెనక్కి వచ్చి, మా ముందు నిలబడి, నన్నే అడిగాడు.

"బంతి పట్టింది నువ్వే కదమ్మా. ఎటు నుంచి వచ్చింది?"

నా ఎడమ చేతిలో ఇంకా ఆ తాడు కొస ఉంది. నిజం చెబితే ముడి ఎవరు విప్పారని అడుగుతారు. కుడిచేత్తో స్తంభం బయటి పక్కకి చూపించాను.

అంతే. బంతి గోలీకి ఇచ్చేశారు. కాసేపటికి ఆట అయిపోయింది. రూపాయి బిళ్ళ ఎగరేస్తే బొమ్మ పడింది, మిల్లు గెలిచింది. తెల్ల ప్యాంటాయన చేతులు దులుపుకుని లేస్తూ పక్కవాడితో అన్న మాట నేను వినలేదు గాని, మర్నాటికి అది ఊరందరి నోటా ఉంది. అంత దగ్గర నుంచి తప్పినవాణ్ణి తీసుకుని ఏం చేసుకుంటామన్నాడట. మిల్లు గోలీని తీసుకుపోయాడు.

ఇంటికెళ్ళాక మా నాయనమ్మ అన్నం పెట్టబోతూ ఆగింది. మాది చేప గుమ్మం తొక్కని ఇల్లు.

"ఏటే గుంటా, సేతులు నీచు వాసనొస్తన్నాయి. ఎక్కడెట్టేవు?"

"కొట్లో తుమ్మ సెక్క సర్దేను నాయనమ్మా."

"తుమ్మ సెక్కకి నీచు వాసనొస్తాదేటే?"

నూతి దగ్గరికి లాక్కెళ్ళి చింతపండు పెట్టి తోమింది, బూడిద పెట్టి తోమింది. వాసన చూసింది. మళ్ళీ తోమింది.

మర్నాడు పొద్దున్న వీధరుగు మీద కూర్చుని, చోడంబలి గ్లాసు నా చేతికిస్తూ, నన్ను చూడకుండా అంది. "ఆ పేట గుంటణ్ణి ఊరంతా తిడతన్నారు. ఆడి తల్లి ఇయాల సేపలకి రానేదు."

గ్లాసు అరుగు మీద పెట్టేశాను. నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. "తప్పు ఆడిది కాదు నాయనమ్మా. గాలిది. బంతి లోపలికే వస్తంది. సముద్రం కాడ నించి ఒక్కపాలి గాలొచ్చి పక్కకి లాగీసింది. నాను ఎనకాలే ఉన్నాను గదా, సూసేను."

నాయనమ్మ నా మొహం చూసింది. తర్వాత నా చేతులు చూసింది. "గాలా?" అంది. చెంగు దులుపుకుని లేచి వీధిలోకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి మా వీధికీ, సాయంత్రానికి పేటకీ గాలి కథ చేరిపోయింది. చేర్చింది ఆవిడే. "మా గుంట కళ్ళారా సూసినాది" అని చెప్పిందట. నాయనమ్మ నమ్మి చెప్పిందో, నమ్మక చెప్పిందో నాకు నేటికీ తెలీదు.

ఊరు మావని తిట్టడం మానేసింది. జాలి పడ్డం మొదలెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రుచి మరిగాను. ఏనుగూ, రాళ్ళూ, శ్రీకూర్మంలో తేలిన బంతీ అన్నీ దాని తర్వాతివే. రిఫరీ మాష్టారు దిగులుతో రైలెక్కి, కొత్తవలసలో దిగాల్సినవాడు నిద్రపోయి కిరండూలు దాకా పోయాడని కూడా చెప్పాను. ఆయన ఆ సాయంత్రమంతా మా కొట్టు ముందే సైకిలుకి గాలి కొట్టుకుంటూ ఉన్నాడు.

ఒక్క విషయం మాత్రం ఎవరూ పట్టుకోలేదు. సముద్రం మాకు తూర్పున ఉంది. సముద్రం మీంచి వచ్చే గాలి పడమటి గోలులోకే తోస్తుంది. పక్కకి లాగదు. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో రెండు మూడు కథలు సిద్ధంగా పెట్టుకున్నాను గాని, వాటి అవసరమే రాలేదు.

శుక్రవారం బోర్డు రాయిస్తారు. గురువారం కొట్టు మా ఆయనకి అప్పజెప్పి ఆటో ఎక్కాను.

పేటలో ఇప్పుడు సిమెంటు రోడ్డు, డాబా ఇళ్ళు. మావ వరండాలో నైలాను వల ఒళ్ళో వేసుకుని చిరుగులు కడుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది. ఎడంకాలు చాపి ఉంది. పక్కన వాళ్ళావిడ కత్తిపీట ముందు కూర్చుని చేపలు తోముతోంది.

"ఎవులు?" అన్నాడు కళ్ళ మీద చెయ్యి పెట్టి.

"నేనే మావా. తాళ్ళ కొట్టు."

"ఓలి, సావుకారి అమ్మీ! కొట్టు మూసీసి ఒచ్చీసేవేటి? ఎవులన్నా పోయేరా?"

"ఎవరూ పోలేదు. బోర్డు రాస్తున్నారు కదా, దాని గురించి."

"తెలుసు. ఆ టోపీ గుంట ఒచ్చినాది. నన్ను బంతి తన్నమంటన్నాది. ఈ మోకాలు ఒంగి ఎన్నాళ్ళయినాది!"

"గాలి నేని రోజు సూసి పిలవమని సెప్పేను నాను" అంది వాళ్ళావిడ తలెత్తకుండా.

నిలబడే చెప్పేశాను. కూర్చుంటే మళ్ళీ ఏదో కథ వచ్చేస్తుందని భయం. "గాలి లేదు మావా. ఆ రోజు బంతి లోపలికే వచ్చింది. సంచి ముడి నేను లాగేశాను. బంతి నా ఒళ్ళో పడింది. మాష్టారు అడిగితే పక్క నుంచి వచ్చిందని చూపించాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒక్కసారే నవ్వారు.

"ఇది బాగున్నాదే" అంది వాళ్ళావిడ. "ఏనుగు కన్నా బాగున్నాది."

"నిజం మావా."

"నువ్వు నిజమంటేనే నాకు భయమేస్తాదమ్మీ" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత నవ్వు ఆపి, కాస్త కోపంగానే అన్నాడు. "ఆ ముడి ఎవులేసేరో తెల్సా? మా అయ్య. సముద్రానికి ఊడని ముడి సావుకార్ల గుంట లాగితే ఊడిపోద్దేటి?"

"జారుముడే కదా మావా. ఒక్క లాగుకి..."

"ఒక్క లాగే. కాని ఏ కొస లాగుతావు? రెండు కొసలుంటాయి. ఒకటి లాగితే ఊడతాది. రెండోది లాగితే ఇంకా బిగుసుకుంటాది. తడి సేత్తో, సీకట్లో, ఏది ఏదో ఏటకెల్లినోడికే తెలుస్తాది. నువ్వు ఏది లాగేవో సెప్పు."

నిజంగానే గుర్తులేదు. నా బతుకులో మొదటిసారి ఏదైనా కల్పించి చెప్పడానికి కూడా మాట దొరకలేదు.

"సూసేవా?" అన్నాడు వాళ్ళావిడతో, గెలిచినట్టు. ఒళ్ళో ఉన్న వల కొస కూడదీసి, ముడి వేశాడు. వేళ్ళు ఎంత గబగబా కదిలాయంటే ఏది ఎటు తిరిగిందో కనబడలేదు. రెండు కొసలూ సమానంగా వదిలి నా ముందు పెట్టాడు. "లాగు."

నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే తప్పేదాన్నే. చెయ్యి తనంతట తానే ఒక కొస పట్టుకుని లాగింది. ముడి నీళ్ళలా విడిపోయింది.

మావ వీపు నాకు తిప్పి ఇంకో ముడి వేశాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ విడిపోయింది.

కత్తిపీట దగ్గర చప్పుడు ఆగిపోయింది.

"లోపలికెల్లిందా?" అన్నాడు.

"వెళ్ళింది మావా."

"గోలేనా?"

"గోలే."

తిడతాడని నిలబడ్డాను. ఆ ఉద్యోగం, ఆ జీతం, ఇన్నేళ్ళ తుఫానులు, వాళ్ళ అమ్మ, ఒక్కొక్కటీ ఎత్తి నా మొహాన కొడతాడని. కొట్టాలి కూడా.

"గాలి కత నానెప్పుడూ నమ్మనేదమ్మీ" అన్నాడు వల వైపే చూస్తూ. "సముద్రం మీద బతికినోణ్ణి. సాయంకాలం గాలి ఎటు తోస్తాదో నాకు తెల్దా? గోల్లోకే తోస్తాది. ఊరు నా మీద జాలి పడి గాలంటంది, పోన్లే అని ఊరుకున్నాను. నానే తప్పేను అనుకున్నాను. ఇన్నేళ్ళూ పడుకునే ముందు రోజూ ఆ బంతి తన్నుతాను. రోజూ తప్పిపోతాది."

నేను ఏదో అనబోయాను. చెయ్యి ఎత్తి ఆపాడు. గోడ పట్టుకుని లేచాడు. మోకాలు వంగలేదు, అలాగే కాలు ఈడ్చుకుంటూ వీధిలోకి వెళ్ళాడు. ఎదురుగా సైకిలు మీద పోతున్నవాణ్ణి ఆపి, "ఒరే, గోలేరా! నాను తప్పనేదురా!" అన్నాడు. వాడికి ఏ గోలో, ఎప్పటి గోలో తెలీదు. "అలాగే తాతా" అని వెళ్ళిపోయాడు. మావ ఇంకొకణ్ణి ఆపాడు.

వాళ్ళావిడ చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చింది. "మనిషి ఈ పాలి నిద్రోతాడేమో సూడాల" అంది. ఆ మాట మెచ్చుకుంటూ అందో, తిడుతూ అందో తెలియలేదు.

"మావా, నా మీద కోపం..." అన్నాను ఆటో ఎక్కుతూ.

"వస్తాది. రేపొస్తాది. ఇయాల గోలు" అన్నాడు.

ఆటో సగం దారికి రాకముందే నాకు అనుమానం మొదలైంది. ఆ ముడి నాకు ఎలా తెలుసు? చిన్నప్పుడు మా నాన్న నూలు ఉండలకి వేసే ముడి కూడా అలాంటిదే కదా. కొట్లో కూర్చున్న ఇన్నేళ్ళలో ఎన్ని వేలసార్లు విప్పి ఉంటాను! చెయ్యికి తెలిసింది ఆ సాయంత్రం నుంచా, కొట్టు నుంచా? ఆ రోజు ముడి దానంతటదే జారిపోయి, నేను ఊరికే కొస పట్టుకుని కూర్చున్నానా? లేక లాగానన్నది కూడా ఎప్పుడో ఎవరికో చెప్పడానికి అల్లుకున్న కథేనా? ఒళ్ళో బంతి వెచ్చగా ఉందన్నది ఒక్కటే గట్టిగా తెలుసు. అది ఎటు నుంచి వచ్చిందో మావకి ఇప్పుడు తెలుసు. నాకే తెలీడం లేదు.

మర్నాడు మావ చెప్పినట్టే వచ్చాడు. కొట్టు ముందు స్టూలు మీద కూర్చున్నాడు. నీళ్ళిస్తే తాగలేదు. గంట సేపు ఒక్క మాట లేదు. వచ్చిపోయేవాళ్ళంతా మమ్మల్నిద్దరినీ చూసి గొంతు తగ్గించారు.

చివరికి నేనే అడిగాను. "కోపం ఇదేనా మావా?"

"ఇదే. తాడు కొలు."

కొలిచాను.

"పొట్టిగా కొలస్తన్నావు" అన్నాడు. మళ్ళీ కొలిచాను. తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి శుక్రవారం శుక్రవారం వచ్చి కూర్చుంటున్నాడు. ఈ మధ్య నీళ్ళు తాగుతున్నాడు.

ఆ మొదటి శుక్రవారమే ఇంజనీరు పిల్లకి ఫోను చేసి, గాలి తీసెయ్యమని, బంతి లోపలికే వెళ్ళిందని రాయమని చెప్పాను. "ఆంటీ, మళ్ళీ కొత్త కథా?" అని నవ్వింది. "పాతదే బాగుంది. పైవాళ్ళు కూడా ఒప్పుకున్నారు." బోర్డు మీద గాలే ఉంది. మావ దాని ముందు నిలబడి చదివించుకుని, "రాసుకోనీ" అన్నాడు. తొలి బంతి తన్నడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఒకసారి తన్నేశానన్నాడు.

నిన్న సాయంత్రం నేనొక్కదాన్నే లోపలికి వెళ్ళాను. ఏనుగు వాలు చదును చేసేశారు. నుయ్యి పూడ్చేశారు. మేకల మెట్లు లేవు. పడమటి గోలు పాతది ఎక్కడుండేదో అడుగులు వేసి కొలుద్దామని చూశాను, రెండుసార్లు రెండు చోట్ల తేలింది. కొత్త గోలుకి తెల్లటి నైలాను వల కట్టి ఉంది, ఇనప కొక్కేలతో. ఎక్కడా ముడి లేదు. దాని వెనక కింద కూర్చున్నాను. కళ్ళ ముందు చిక్కటి పచ్చ రంగు, దూరంగా తూర్పు నుంచి గాలి. వలని గుప్పిట్లో పట్టుకుని కాసేపు లాగాను. తర్వాత చెయ్యి వాసన చూసుకున్నాను.

తుమ్మ బెరడు వాసన వచ్చిందని రాస్తే మీరు హాయిగా నమ్ముతారు. రాలేదు.